దొమ్మ అంటే తిట్టు కాదు

“పోగు అంటే నీకేం యాదికస్తది తమ్మీ?”

“దారపు పోగు,” అన్నాను.

“అగో! బట్ట నేసే సాలోళ్ల ఇంట్ల కూసున్నవు గన్క గట్లంటున్నవు. గదే ఐతారం పొద్దుగాల మా వాడకట్టుల ఎవ్వలనన్న అడుగు, మటన్ పోగు అంటరు. రెండు తీర్ల పోగులు ఎరికైనదాన్ని గీ గల్లీల నేనొక్కదాన్నే. గదైతే తెగినకాడ అతుకుత, గిదైతే సమంగ పంచుత.”

అని కళావతి తనే నవ్వింది. నవ్వినా చేతులు ఆగలేదు. ఒళ్లో చేట, చేటలో కత్తిరించిన తునికాకు, ఓ పక్కకు తంబాకు. ఆకు తీయడం, తంబాకు చల్లడం, చుట్టడం, కొన మడిచి దారం కట్టడం వేళ్ల పని. కళ్లు మాత్రం మన ముఖం మీదే ఉంటాయి. మనం వింటున్నామో లేదో చూసుకుంటూ చెబుతుంది.

కోరుట్లలో ఆమె ఉండే గల్లీలో ఒకప్పుడు ఇంటికొక మగ్గం ఆడేది. ఇప్పుడు ఇంటికొకరు దుబాయిలోనో మస్కట్‌లోనో ఉన్నారు, ఉన్నవాళ్లు బీడీలు చేస్తున్నారు. కళావతి పుట్టింది సిరిసిల్లలో. తండ్రి చేతిమగ్గం వదిలి మరమగ్గాల షెడ్డులో పనికి కుదిరినప్పుడు ఆమె ఇంకా పలక పట్టలేదు. షెడ్డు మోతలో మాట వినపడదు. తండ్రి వేలు చూపిస్తే చాలు, వందల పోగుల మధ్య తెగింది ఎక్కడో ఈ పిల్ల పట్టుకునేదట.

“సదువు ఏడుకే ఆగింది గని కన్ను ఆగలె తమ్మీ. గా కన్ను గప్పటిదే.”

రాజమౌళిని పెళ్లాడి కోరుట్లకు వచ్చింది. వచ్చిన కొన్నేళ్లకు ఇక్కడి మగ్గం అటకెక్కింది. రాజమౌళి మరమగ్గం పనికి సిరిసిల్ల పోయాడు.

“సూడు నా రాత! నేను సిరిసిల్లకెల్లి కోరుట్లకచ్చిన, ఆయిన కోరుట్లకెల్లి సిరిసిల్లకు పోయిండు. మా ఇద్దర్ని కలిపేది శనివారం బస్సు, ఐతారం కూర.”

ఆ ఐతారం కూర గురించే నేను ఆమె దగ్గరికి వచ్చింది. మూడేళ్ల కింద ఆమె గల్లీ మొత్తం పొయ్యిల మీది గిన్నెలు దింపించిందని, ఆ తర్వాత ఆమె పేరే మారిపోయిందని బస్సులో ఎవరో చెబితే విన్నాను. పేరు ఏమైందని అడిగితే అప్పుడే చెప్పలేదు. “ఆగు, అన్నీ జల్ది జల్ది అడిగితే కత ఎట్ల నడుస్తది,” అంది.

ముందు పోగుల సంగతి చెప్పింది. గల్లీలో పది పన్నెండు ఇళ్లు కలిసి గొర్రెను కోయించుకుంటారు. టేకాకులు పరిచి, ఒక్కో ఆకు మీద కూర, బొక్క, కొవ్వు, కార్జం సమంగా పడేలా కుప్పలు వేయాలి. అవే పోగులు. తూచే తరాజు ఉండదు. కళావతి కన్నే తరాజు. పోగులు వేశాక ఒక మనిషి గోడవైపు తిరిగి నిలబడాలి. కళావతి ఒక పోగు మీద పుల్ల పెట్టి, “ఇది ఎవలిది?” అంటుంది. గోడవైపు చూస్తున్న మనిషి ఒక పేరు చెబుతుంది. ఎవరి పేరు పలికితే ఆ పోగు వాళ్లది. ఇక తగవు లేదు.

“గోడ దిక్కు నిలవడేది ఎప్పటికి గంగవ్వత్తనే. నిలవడి ఊకుంటదా? ‘కళావతీ, మంచి పోగు మీద పుల్ల పెట్టినప్పుడు జెర్ర దగ్గుతవా’ అంటది. నేను దగ్గిన్నో, పెద్ద బొక్కున్న పోగన్నట్టు. అందరు నవ్వుడే.”

గంగవ్వ పక్కింటి ముసలామె. మొగుడు లేడు. ఒక్కతే బిడ్డ రేణుక, జగిత్యాలలో కాపురం. పెళ్లయిన చాన్నాళ్లకు రేణుకకు అప్పుడే నెల తప్పింది. ఏం తిన్నా వాంతి అయిపోతోందట. ఒక్క గొర్రె కూర పేరు చెబితేనే నోట్లో నీళ్లూరుతున్నాయని ఫోన్ చేసింది. ఆ మాట గంగవ్వ గల్లీ గల్లీకి చెప్పుకుంది.

మొదటి వానలు పడి పచ్చిక మొలిచింది. ఆ ఆదివారం తెల్లారేసరికి గల్లీ చివరి దొడ్డిలో గొర్ల చంద్రయ్య మందలో ఒక గొర్రె నిలబడ్డది నిలబడ్డట్టే వణికి కూలబడింది. చంద్రయ్య ఊపిరి ఉండగానే కత్తి పెట్టాడు.

“చంద్రన్నా, దానికేమైందే?” అని కళావతి అడిగింది.

“ఏం గాలే చెల్లె. కొత్త గడ్డి మేసింది. చిటుక కొట్టింది.”

చిటుక అంటే ఇక్కడ అందరికీ తెలుసు. చిటికె వేసినంతలో గొర్రె పడిపోతుంది కాబట్టి ఆ పేరు. చిటుక కొట్టిన గొర్రెను కోసుకు తినడం తాతల నాటి నుంచీ ఉంది. ఎవరూ రెండో మాట అడగలేదు. పోగులు పడ్డాయి. గంగవ్వ గోడవైపు తిరిగింది. ఆ రోజు కళావతి నిజంగానే దగ్గింది.

“కడుపుతోనున్న పిల్లకు పోతది గద అని కావాల్ననే దగ్గిన తమ్మీ. మంచి పోగు. ముసల్ది చెంగుల కట్టుకొని ఎట్ల ఉరికిందనుకున్నవు!”

ఒక్క సంగతి మాత్రం తేడాగా కనిపించింది. గొర్రెను కోసినప్పుడు రక్తాన్ని గిన్నెలో పట్టి ఉప్పు వేసి పక్కన పెడతారు. కాసేపటికి అది పెరుగులా గడ్డకడుతుంది. ముక్కలు కోసి వండితే దాన్ని నల్ల అంటారు. రాజమౌళికి నల్ల అంటే ప్రాణం. ఆ రోజు గిన్నెలో రక్తం గడ్డకట్టనే లేదు. పొద్దెక్కినా నల్లగా, పలచగా, తారులా కదులుతూనే ఉంది.

“ఉప్పు తక్కువైందంటరు మా ఆయిన. ఉప్పేస్తి. గియ్యాల మబ్బు పట్టింది గందుకే అంటరు. మబ్బుకు నల్లకు ఏం సంబంధమయ్యా అని, గా గిన్నె పట్టుకొని చంద్రన్న మీదికి కొట్లాటకు పోయిన. ఎనుకనే గంగవ్వత్త. ఆమె నల్లల పాలు ఆమెకు రావాలె గద!”

దొడ్డి దగ్గర చంద్రయ్య కొట్లాడే స్థితిలో లేడు. ఇంకో రెండు గొర్రెలు పడిపోయి ఉన్నాయి. కడుపులు ఉబ్బి, ముక్కుల నుంచి రక్తం కారుతోంది. చంద్రయ్య భయపడి ఫోన్ చేస్తే పశువుల డాక్టరమ్మ అప్పుడే వచ్చింది. సంజన అని కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్ల. చేతులకు తొడుగులు, మూతికి గుడ్డ కట్టుకుని చచ్చిన గొర్రె చెవి నుంచి ఒక్క చుక్క రక్తం గాజు పలక మీదికి తీసుకుంది. వీళ్లను చూసి లేచి నిలబడింది.

“ఆ గిన్నెలో ఏంటమ్మా?”

“నల్ల. గడ్డకడ్తలేదు.”

డాక్టరమ్మ ముఖం మారింది. చంద్రయ్య వైపు తిరిగి, “దీన్ని కోసినవా? ఇది దొమ్మ!” అంది.

ఇక్కడ కళావతి బీడీ చుట్టడం ఆపింది. నేను ఆమెను చూడడం మొదలుపెట్టాక చేతులు ఆగడం అదే మొదటిసారి.

“తమ్మీ, నీకు దొమ్మంటే ఎరికెనా?”

పశువులకు వచ్చే ఆంత్రాక్స్ అని పేపర్లో చదివానన్నాను.

“నువ్వు పేపర్ల సదివినవు. మేము మా అత్త నోట్లకెల్లి ఇన్నం. మా అత్త మేకలు చేన్ల పడితే, ‘నీకు దొమ్మ తల్గ, నీకు గత్తర రాను’ అని తిట్టేది. మేమూ గట్లనే తిడుదుము. దొమ్మంటే తిట్టనుకున్నం గని రోగమని ఎవ్వలనుకున్నరు? డాక్టరమ్మ దొమ్మ అనంగనే మేం చంద్రన్నను తిట్టిందనుకున్నం!”

గంగవ్వ ఊరుకుంటుందా! ముందుకు వచ్చి నడుం మీద చేయి పెట్టుకుంది.

“ఏందమ్మా, దొరబిడ్డవు, సదువుకున్నదానివి. పెద్దమనిషిని పట్టుకొని దొమ్మ తల్గ అంటవా? గొర్లు సచ్చి ఆయిన ఏడుస్తుంటె నీ తిట్లొకటి!”

డాక్టరమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక అంత కంగారులోనూ నవ్వొచ్చింది.

“అయ్యో, తిట్టలేదమ్మా. రోగం పేరే దొమ్మ. మా నాయినమ్మ కూడా బర్లను ఇట్లనే తిట్టేది. మాకు కాలేజీలో ఈ పాఠం చెప్పిన్నాడు నేనూ నవ్విన. చిటుక వేరు, దొమ్మ వేరు. రెండిట్లోనూ జీవం చిటికెలో పోతది, అందుకే మీరు మోసపోయిన్రు. దొమ్మలో రక్తం గడ్డకట్టదు. ఆ రోగం పురుగు మట్టిలో ఏండ్లకేండ్లు బతుకుతది. వానకు పైకొస్తది, గడ్డితో గొర్రె కడుపులోకి పోతది. కోసినవాళ్లకు, కడిగినవాళ్లకు, తిన్నవాళ్లకు అంటుకుంటది. పలక మీద చూస్తే గట్టిగ తెలుస్తది. అప్పటిదాక ఒక్క ముక్క ఎవరి నోట్లోకి పోవద్దు. ఎవరెవరింటికి పోయింది?”

చంద్రయ్య కళావతి వైపు చూశాడు. పోగులు పంచింది ఆమే మరి.

“అన్నిండ్ల పొయ్యిల మీద ఎక్కినయి. ఐతారం పొద్దు ఎక్కితే ఎవ్వలాగుతరు? డాక్టరమ్మ చేతులకు తొడుక్కునే సంచులిచ్చింది. దవాఖానకు ఫోన్ జేసింది. ‘మీరు పంచిన్రు, మీరే తెప్పియ్యాలె’ అన్నది. ఇగ సూడు తమ్మీ, పోగులు ఏసుడు అల్కగనే ఉంటది. ఎనుకకు తెచ్చుడు నన్నడుగు!”

తర్వాత ఆమె చెప్పింది వింటూ నేను రెండుసార్లు చాయ్ గ్లాసు కింద పెట్టాల్సి వచ్చింది, నవ్వి ఒలకబోస్తానని.

మొదటి ఇల్లు నర్సక్కది. కూరకు అల్లం, పసుపు పట్టించి మూత పెట్టింది. కళావతి గుమ్మంలో నిలబడి ఆయాసపడుతూ, “అక్కా, కూర ఇచ్చెయ్యి, దొమ్మ,” అంది.

నర్సక్క చేతిలో గరిటె లేచింది. “ఎవ్వలికే దొమ్మ? పొద్దుగాల పోగు పంచి పగటికల్లా దొమ్మ తల్గ అంటానవా? నీ పోగు సన్నగైతే నేనేం జేత్తునే?”

“అక్కా, తిడ్తలేనే. రోగమే!”

“ఎవ్వలికే రోగం?”

ఆ రోజు ప్రతి గుమ్మం దగ్గరా ఇదే భాగోతం. దొమ్మ అనకుండా చెబుదామంటే వేరే పేరు తెలియదు. అంటే తిట్టినట్టు. చివరకు ఉపాయం దొరికింది. ఇంట్లోకి పోగానే ముందు రెండు చేతులూ జోడించి దండం పెట్టడం, తర్వాత “దొమ్మ” అనడం. దండం పెట్టి ఎవరూ తిట్టరు కదా! అక్కడి నుంచి పని సులువైంది. ఒకాయన ఫ్రిజ్జులో దాచి, తలుపుకు ఆనుకుని నిలబడి, కూర పారేశానని ఒట్టేశాడట. కళావతి ఆయన చేతుల వైపే చూసింది. “పసుపంటిన చేతులు పెట్టుకొని ఒట్టు ఏస్తున్నవా బావా,” అంటే ఆయన నవ్వి పక్కకు జరిగాడు.

తన ఇంటికి చేరేసరికి రాజమౌళి స్నానం చేసి, మక్క రొట్టె కంచంలో పెట్టుకుని, గిన్నె మూత తీసి వాసన చూస్తున్నాడు. వారమంతా షెడ్డులో నిలబడ్డ మనిషి.

“కళావతీ, ఒక్క ముక్క. ఉప్పు సూత్త.”

“ముడ్తె సూడు!”

“మొగనికి గూడ దండం పెడ్తవా?”

“పెడ్త. కాళ్లు మొక్కమంటె మొక్కుత. మూత పెట్టు.”

రాజమౌళి మూత పెట్టాడు. రొట్టె మీద కారప్పొడి, నూనె వేసుకుంటూ, “ఏడేండ్ల సంది ఐతారం ఐతారం అస్తున్న. గియ్యాల పిలువని పెండ్లికి అచ్చినట్టుంది,” అన్నాడు. ఈ మాట కళావతి ఆయన గొంతుతోనే చెప్పింది. పక్క గదిలో నుంచి రాజమౌళి, “నేను గట్లనలే!” అని అరిచాడు. ఇప్పుడు సిరిసిల్ల పోవడం లేదు, కండ్లు సరిగా ఆనక ఇంటి దగ్గరే ఉంటున్నాడు. అన్నాడని నాకు అనిపించింది.

అన్ని పోగులూ సంచిలోకి వచ్చాయి, ఒకటి తప్ప.

గంగవ్వ ఇంట్లో గిన్నె కడిగి బోర్లించి ఉంది. కుక్కర్ ఇంకా వేడిగా ఉంది.

“అత్తా, తిన్నవా?”

“తినలే.”

“మరేది?”

“నా పోగు నా ఇష్టం. నువ్వు దగ్గినవు, నేను పట్టుకచ్చుకున్న.”

డాక్టరమ్మ చెప్పింది తిట్టు కాదని చెవితో విన్నా, మనసుకు పట్టలేదు గంగవ్వకు. గోడవైపు తిరిగి కూర్చుంది. కళావతి ఆమె ముందుకు పోయి నేల మీద కూలబడి, “అత్తా, గా కూర రేణుకకు పంపినవా ఏంది?” అని అడిగింది.

గంగవ్వ తలూపింది. కొంగు నోట్లో కుక్కుకుంది.

అదే జరిగింది. దొడ్డి దగ్గరికి నల్ల కోసం వచ్చే ముందే నాలుగు విజిళ్లు వేయించి, క్యారేజీలో పెట్టి, బస్టాండుకు పోయి, ఇంకో గంటకు గాని కదలని జగిత్యాల బస్సు కండక్టరుకు అప్పజెప్పి వచ్చింది. రేణుక జగిత్యాల బస్టాండులో తీసుకుంటుంది. తెలిసిన కండక్టరే, ఇంతకుముందు మామిడికాయ తొక్కు కూడా తీసుకుపోయాడు, కానీ ఆయన ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు. వెంటనే రేణుకకు ఫోన్ చేశారు. రింగవుతోంది, ఎత్తడం లేదు. మొగుడికి చేస్తే, “ఫోన్ ఇంట్ల చార్జింగ్‌కు పెట్టి బస్టాండుకు పోయింది. నేను కొండగట్టు దగ్గరున్న,” అన్నాడు.

“గప్పుడు గంగవ్వత్త నా రెండు చేతులు పట్టుకున్నది తమ్మీ. ‘ఇన్నేండ్లకు కాయ కాసిందే కళావతీ’ అన్నది. గంతే. నేను ‘బండి తియ్యి’ అని మా ఆయినను ఒర్రిన.”

రాజమౌళి దగ్గర ఉన్నది టీవీఎస్ మోపెడ్. నూలు మూటలు మోసి మోసి దాని సీటు ఒక పక్కకు ఒరిగి ఉండేది. కిక్కు కొడితే దగ్గింది. మళ్లీ కొడితే ఆవులించింది. గల్లీలో పిల్లలందరూ తోశారు. అంటుకుంది. వెనుక కళావతి, చేతులకు ఇంకా డాక్టరమ్మ ఇచ్చిన తొడుగులే.

“రోడ్డు పొంటి పోతుంటె జనం చెయ్యి ఊపుతున్నరు. గా తొడుగులు జూసి దవాఖానకెల్లి పారిపోయినమనుకున్నరో ఏమో. మేడిపల్లి కాడ బస్సు ఆగి కనవడ్డది. ‘అగో, అగో’ అంటి. మేము దగ్గరికి పోంగనే కదిలింది. మా ఆయిన హారన్ కొడ్తడు, గా హారన్ కోడిపిల్ల అరిసినట్టుంటది. కండక్టరు ఎనుకకు జూసి మాకు టాటా జెప్పిండు!”

బస్సు జగిత్యాల బస్టాండులోకి తిరిగింది. రెండు నిమిషాల వెనుక వీళ్లు. కళావతి దిగి పరుగెత్తింది. ప్లాట్‌ఫారం బల్ల మీద రేణుక కూర్చుని ఉంది. ఇంటికి పోయేదాకా ఓపిక లేక డబ్బాలో అన్నం కూడా తెచ్చుకుంది. కండక్టరు ఇచ్చిన క్యారేజీ ఒళ్లో పెట్టుకుని, పై గిన్నె గొళ్లెం తీస్తోంది.

“రేణుకా! దొమ్మ! దొమ్మ!”

“ఉరుకులాటల దండం మర్సిపోయిన,” అని కళావతి తల కొట్టుకుంది.

ఆమె పోయి క్యారేజీ లాక్కుంది. రేణుక బిత్తరపోయి ఏడుపు ముఖం పెట్టింది. బస్టాండు మొత్తం చుట్టూ చేరింది. సోడాబుడ్డి కళ్లద్దాలు పెట్టుకున్న ఒక ముసలామె వచ్చి కళావతి జబ్బ పట్టుకుంది.

“నువ్వేం మనిషివే? కడుపుతోనున్నదాని నోటికాడి కూడు గుంజుకుంటవా? మీదికెల్లి దొమ్మ తల్గ అని శాపం పెడ్తవా?”

“అవ్వా, శాపం కాదు. గిది రోగమొచ్చిన గొర్రె...”

“ఎవ్వలను గొర్రె అంటున్నవే!”

కండక్టరు మధ్యలోకి వచ్చి, “అమ్మా, నాకు ఒక్క ముక్క పెట్టున్రి, తగువు తెగ్గొడ్త,” అన్నాడట. కళావతి క్యారేజీని కడుపుకు అదుముకుని నేల మీద కూర్చుండిపోయింది. ఎవరు లాగినా లేవలేదు. రాజమౌళి అప్పటికి బండి ఆపి వచ్చి, ఏం చెప్పాలో తెలియక డాక్టరమ్మకు ఫోన్ కలిపి గట్టిగా వినపడేలా పెట్టి పైకెత్తి పట్టుకున్నాడు. మైకు పట్టుకున్నట్టే.

ఫోన్లో సంజన మొదటి మాట, “దొరికిందా? తిన్నదా?”

“తినలే!” అని కళావతి కింద కూర్చునే అరిచింది.

“దేవుడా... మంచిగైంది. పలక మీద చూసిన. దొమ్మనే. రేణుకగారిని చేతులు సబ్బుతో కడుక్కోమనండి. ఆ క్యారేజీ తెరవకుండ సంచిలో కట్టి తెండి.”

అద్దాల ముసలామె కళావతి జబ్బ వదిలి, చీర మీద దుమ్ము దులిపి, “నేను నీకు దొమ్మ అన్లే గద బిడ్డా?” అంది. ఆ మాటకు రేణుకే ముందు నవ్వింది. ఏడుస్తూ నవ్వింది. “వదినా, కూర పాయె, అన్నమొక్కటి మిగిలె,” అంది. రాజమౌళి పోయి ఎదురు హోటల్ నుంచి కోడిగుడ్ల పులుసు పట్టుకొచ్చాడు. ఆ డబ్బా అన్నం మొత్తం ఆ పులుసుతో తిని, నెలలో మొదటిసారి వాంతి కాకుండా కడుపులో నిలుపుకుందట ఆ పిల్ల. “గొర్రె కాదు దాని కడుపుల పిల్ల అడిగింది, గుడ్డు!” అని కళావతి తేల్చింది.

సాయంత్రం దొడ్డి వెనుక లోతుగా గుంత తీసి, చచ్చిన గొర్రెలు, పోగుల సంచి, నల్ల గిన్నె, గంగవ్వ క్యారేజీ అన్నీ అందులో పెట్టి సున్నం పోసి పూడ్చారు. గొర్రె కోసిన చోట మట్టికి కూడా మందు చల్లారు. దవాఖాన నుంచి వచ్చినవాళ్లు ముట్టుకున్న అందరికీ మాత్రలిచ్చారు. కళావతి ఇల్లిల్లూ తిరిగి దగ్గరుండి మింగించింది. చంద్రయ్య మాత్ర చేతిలో పట్టుకుని మంద వైపు చూస్తూ కూర్చుంటే, “గొర్లకు సూది ఏస్తరట, నీకు మాత్రనే. నువ్వు నయం గద చంద్రన్నా,” అంది.

“అందరి నోట్ల ఏసిన. నేను ఏస్కున్ననో లేదో నాకే యాది లేదు తమ్మీ.”

వేసుకోలేదు. కొన్నాళ్లకు బీడీ ఆకు కత్తిరిస్తూ కత్తెరకు తెగిన చోట, చూపుడు వేలి మీద దోమ కుట్టినట్టు దురద పుట్టింది. పొక్కు లేచింది. నడుమ తుమ్మ గింజంత నల్లగా అయింది. నొప్పి లేదు. నొప్పి లేని నల్లటి పుండంటే వెంటనే రమ్మని డాక్టరమ్మ చెప్పిన మాట కళావతికి గుర్తుంది. ఆ రోజే దవాఖానకు పోయింది. వరుసగా మందులు వాడితే పక్కు రాలిపోయింది. ఆ వేలు నా ముందు పెట్టి చూపించింది. చిన్న గుంట, చుట్టూ నునుపు. ఆ వేలితోనే బీడీ కొన మడవాలి.

“భయమైందా?” అని అడిగాను.

“అయితది గద. వేలు పోతే పోగులెట్ల ఏస్త, బీడీలెట్ల జేస్త? గని గంగవ్వత్త పొద్దుమాపు అచ్చి కార్ఖానకు ఇయ్యాల్సిన నా వంతు బీడీలు జేసి పోయింది. వంకర టింకరగ జేసింది. కార్ఖానల సగం తీసిపారేసిండ్రు. గయి జూసి నవ్వి నవ్వి నా పుండు మానింది.”

అప్పుడు గుర్తు చేశాను, పేరేమైందో చెప్పలేదని.

“ఇంకేమైతది! దొమ్మ కళావతి. గల్లీల గట్లనే పిలుస్తరు. దుబాయిలున్న పోరగాండ్లు గూడ ఫోన్ జేస్తే ‘దొమ్మక్క మంచిగున్నదా’ అంటరు. గా రేణుక కొడుకు, రెండేండ్లోడు, అత్త అనరాక ‘దొమ్మత్త’ అంటడు. నేను జగిత్యాల బస్టాండుల దిగంగనే ‘దొమ్మత్తా’ అని ఒర్రుతడు. జనం వాణ్ని జూస్తరు, నన్ను జూస్తరు. ఎంత చెడ్డ తిట్టు నేర్పిందో అనుకుంటరు!”

చెప్పి చేతులు చాపి, వాడు ఎలా ఉరికి వస్తాడో చూపించింది. చేట పక్కకు ఒరిగి తంబాకు కొద్దిగా రాలింది. రాజమౌళి గదిలో నుంచి వచ్చి, ఏమీ అనకుండా ఊడ్చి ఎత్తాడు.

ఇప్పుడు పోగులు పడే పద్ధతి కూడా మారింది. జీవం నిలబడి, మేత మేసి, నడిచి వస్తేనే కత్తి. పడిపోయినదాన్ని చంద్రయ్య కూడా ముట్టడు, డాక్టరమ్మకు ఫోన్ చేస్తాడు. ఏటా వానలకు ముందు మందకు టీకాలు వేయించే రోజున కళావతి చీర కుచ్చిళ్లు దోపుకుని పోతుంది. గొర్రెను రెండు కాళ్ల మధ్య ఇరికించుకుని పట్టుకునే ఒడుపు చంద్రయ్య నేర్పాడు. మొదటి ఏడు గొర్రె ఆమెను ఈడ్చుకుపోయి బురదలో పడేసిందట. డాక్టరమ్మ సూది పట్టుకుని నవ్వి నవ్వి కూర్చుండిపోయిందట.

నేను లేచాను. ఎటు పోతున్నానని అడిగింది. ముత్యంపేట దిక్కు పోతున్నానని, అక్కడ ఒకాయనను కలవాలని చెప్పాను.

చేతిలోని బీడీ కట్ట చేటలో పడేసి లేచి నిలబడింది.

“గట్లనా! ముందుగాల జెప్పవేంది? చంద్రన్న మందను చెరుకు కొట్టిన చేన్లల్ల ఎరువుకు కట్టిండు, ముత్యంపేట కాడనే. రెండు దినాల సంది ఫోన్ ఎత్తుతలేడు. చార్జింగ్ ఉండదు గా మనిషికి. మొన్న కొత్తగ పదిహేను గొర్రెపిల్లల్ని కొన్నడట, గయి సూది పడని పిల్లలు. నాలుగైదు దినాలల్ల వాన పడేటట్టున్నది. వాన పడ్డంక ఏం లాభం? ఎల్లుండి పొద్దుగాల డాక్టరమ్మ దొడ్డికి అస్తనన్నది. మందంతా దోల్కరమ్మను తమ్మీ, పిల్లలతోని సహా. చక్కెర ఫ్యాక్టరీ దాటినంక ఎడమ దిక్కు అడుగు, గొర్ల చంద్రయ్య అంటె ఎవ్వలైన చూపిస్తరు. నువ్వు నిలవడి ఆయినను కదిలిచ్చినంకనే నీ పని సూసుకో. ఆ, ఇంకోటి. మాట మొదలుపెట్టేటప్పుడు ముందుగాల రెండు చేతులు జోడిచ్చి దండం పెట్టు, మర్వకు. పో, ఆటో పోతది.”